అత్తయ్యగారి నీలం సీసా

పోయిన వారం ఊరగాయ జాడీలు కడగడం, ఎండబెట్టడం గురించి చెప్పుకున్నాం కదా. ఈ వారం కడగకూడని సీసా సంగతి చెబుతాను. ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. ఆ తర్వాత మీరు తిట్టినా సరే, పడతాను.

పోయిన సంక్రాంతికి ఇల్లు దులుపుతున్నాను. మా అత్తయ్యగారి ట్రంకుపెట్టె ఎండలో పెడదామని తీస్తే, అడుగున ఓ పాత జాకెట్టు గుడ్డలో చుట్టి బొటనవేలంత నీలం సీసా కనిపించింది. లోపల ఏమీ లేదు. అడుగున మాత్రం గోధుమ రంగులో జిగురుగా మరక. నాకసలే మరక కనిపిస్తే చేతులు ఊరుకోవు. వేడినీళ్ళలో కుంకుడు పులుసు, చిటికెడు సోడా ఉప్పు వేసి, చీపురుపుల్లకి దూది చుట్టి లోపలంతా తోమేశాను. మూత కూడా వదల్లేదు. తళతళలాడుతుంటే మెచ్చుకుంటారని అత్తయ్యగారికి తీసుకెళ్ళి చూపించాను కూడా!

ఆవిడ సీసా తీసుకుని మూత తీశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇంకోసారి పెట్టుకున్నారు. "కడిగేశావా అమ్మాయ్?" అన్నారు. అంతే. ఆ రాత్రి మజ్జిగన్నం కూడా వద్దని పడుకున్నారు.

మావారు చెప్పారు. ఆ సీసా మావయ్యగారు పెళ్ళయిన కొత్తలో కొనిచ్చినదట. ఆయన పోయి పదకొండేళ్ళు. అప్పుడప్పుడు అత్తయ్యగారు పెట్టె తీసి ఆ ఖాళీ సీసా వాసన చూసుకునేవారట. "నీకు తెలీదా?" అన్నారు మావారు. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు తెలీదండీ.

సీసా మీది వెండి రంగు చీటీ నా కుంకుడు పులుసుకి సగం ఊడింది. మిగిలిన సగంలో 'పారిస్' అన్న అక్షరాలున్నాయి. అప్పటి నుంచి మా అమ్మాయిని వెంటేసుకుని ఆ సీసా పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, అమ్మాయి కెమిస్ట్రీ చదువుతోంది. తెలుసుకుంటే పోయిన వాసన తిరిగొస్తుందా అంటారేమో. రాదు. కానీ ఏం కడిగి పారబోశానో నాకైనా తెలియాలి కదా!

బియ్యప్పొడి అమ్మిన కంపెనీ

ఆ సెంటు పేరు ఫ్రెంచిలో 'సువార్ ద పారీ'. అంటే పారిస్ సాయంత్రం. మన దేశంలో 'ఈవినింగ్ ఇన్ పారిస్' అనేవారు. మీ అమ్మగారినో, అమ్మమ్మగారినో అడిగి చూడండి, ఆ పేరు వినగానే మొహం విప్పారుతుంది. షమ్మీ కపూర్, షర్మిలా టాగోర్‌ల హిందీ సినిమా కూడా అదే పేరుతో 1967లో వచ్చింది కదా, అలా కూడా ఆ పేరు చాలామంది నోళ్ళలో నానింది.

తయారుచేసిన కంపెనీ పేరు బూర్జ్వా. ఉపన్యాసాల్లో 'బూర్జువా' అని వింటుంటామే, ఫ్రెంచివాళ్ళ నోట ఆ మాటా ఈ పేరూ ఒకేలా పలుకుతాయట. కానీ ఇది ఒకాయన ఇంటిపేరు. 1863లో పారిస్‌లో పోన్సాన్ అనే ఆయన నాటకాల వాళ్ళ కోసం మొహానికి వేసుకునే రంగులు చేసేవాడు. కొన్నేళ్ళకే ఆ వ్యాపారం అలెగ్జాండర్ నెపోలియన్ బూర్జ్వా చేతికొచ్చింది. అప్పట్లో కొవ్వుతో చేసిన జిడ్డు రంగులు ఉండేవి. వీళ్ళు పొడి రంగులు తెచ్చారు. 1879లో జావా బియ్యప్పొడి అని ఒక పౌడరు పెట్టారు, దేశదేశాలకీ వెళ్ళింది. బియ్యప్పిండితో మనం ముగ్గులు వేసుకుంటే వాళ్ళు మొహానికి రాసుకుని డబ్బు చేసుకున్నారు చూడండి!

1898లో వెర్తైమర్ కుటుంబం ఈ కంపెనీలో అడుగుపెట్టింది. పాల్, పియెర్ అని అన్నదమ్ములు. గొప్పింటి ఆడవాళ్ళే కాదు, ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయి, బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి కూడా కొనుక్కోగలిగే ధరకి సరుకు అమ్మాలన్నది వీళ్ళ లెక్క. 1924లో ఈ అన్నదమ్ములే కోకో షానెల్ అనే పేరున్న బట్టల డిజైనరమ్మతో కలిసి 'షానెల్ నంబర్ 5' సెంటు కోసం ఇంకో కంపెనీ పెట్టారు. అందులో షానెల్‌కి దక్కిన వాటా నూటికి 10. ఈ పది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెబుతాను.

రష్యా నుంచి వచ్చిన ముక్కు

వంటకి చెయ్యి ఎంతో సెంటుకి ముక్కు అంత. సెంటు కూర్చేవాళ్ళని ఫ్రాన్సులో 'ముక్కు' అనే పిలుస్తారట! బూర్జ్వాకి దొరికిన ముక్కు ఎర్నెస్ట్ బో. 1881లో మాస్కోలో పుట్టిన ఫ్రెంచి సంతతి మనిషి. రష్యా చక్రవర్తుల కొలువుకి సెంట్లు పంపే కంపెనీలో పనిచేసేవాడు. 1917లో విప్లవం వచ్చాక ఫ్రాన్సు చేరుకున్నాడు. 1921లో షానెల్ నంబర్ 5 ఆయన చేతి మీదే పుట్టింది. ఆ తర్వాత 1928లో 'సువార్ ద పారీ' చేశాడు. అంటే ధనవంతుల సెంటూ, చిల్లర కూడబెట్టి కొనుక్కునేవాళ్ళ సెంటూ ఒకే ముక్కు నుంచి వచ్చాయన్నమాట.

ఇందులో జాజి, గులాబీ, వయొలెట్ అనే ఊదా రంగు చిన్న పువ్వు వాసన, అడుగున వెనిలా, వట్టివేరు. అవునండీ, వేసవిలో మనం కుండనీళ్ళలో వేసుకునే వట్టివేరే!

వయొలెట్ గురించి ఒక విచిత్రం ఉంది. ఆ పువ్వు నుంచి తైలం తీయడం దాదాపు అయ్యేపని కాదు. 1893లో జర్మనీలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వాసననిచ్చే అయొనోన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. అప్పటి నుంచే ఆ వాసన మామూలువాళ్ళకి అందుబాటులోకి వచ్చింది. దీని గుణం ఏమిటంటే, కాసేపు పీల్చగానే ముక్కు దాన్ని గుర్తుపట్టడం మానేస్తుంది. వాసన పోయిందనుకుంటాం. కొంచెంసేపటికి ముక్కు తేరుకోగానే మళ్ళీ గుప్పుమంటుంది.

ఇది అమ్మాయి చదివి చెబుతుంటే పక్కన పప్పు ఏరుతున్న అత్తయ్యగారు తలెత్తారు. "అవునే, అలాగే ఉండేది. వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. నేను నా ముక్కే పాడయిందనుకునేదాన్ని" అన్నారు. సంక్రాంతి తర్వాత ఆ సీసా మాట ఆవిడ ఎత్తడం అదే మొదలు.

వెన్నకి పట్టిన మల్లెల వాసన

ఫ్రిజ్‌లో మల్లెపూలు మూతలేకుండా పెట్టి, పక్కనే వెన్న గిన్నె పెట్టి చూశారా ఎప్పుడైనా? మర్నాడు నెయ్యి కాస్తే మల్లె వాసనే. పిల్లలు తినరు, మనకి తిట్లు. ఇదే పనిని ఫ్రాన్సు దక్షిణాన గ్రాస్ అనే ఊళ్ళో కావాలని చేసేవారు.

చెక్క చట్రంలో గాజుపలక బిగించి, దాని మీద వాసన లేకుండా శుద్ధిచేసిన కొవ్వు మందంగా పూసేవారు. దాని మీద జాజిపూలు ఒక్కొక్కటే బోర్లించేవారు. గులాబీ అయితే మరిగించినా తైలం ఇస్తుంది. జాజి, లిల్లీ అలా కావు, కోశాక కూడా ఒక రోజంతా వాసన వదులుతూనే ఉంటాయి. వేడి తగిలితే ఆ సున్నితం పోతుంది. అందుకని మర్నాడు వాడిన పూలు ఏరేసి కొత్తవి పరిచేవారు. ఇలా వారాల తరబడి. చివరికి ఆ కొవ్వుని సారాయిలాంటి ద్రవంలో కలిపితే వాసన అందులోకి దిగేది. పూలు ఏరే పని, పేర్చే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. తెల్లవారుజామున కోతకి వెళ్ళాలి. కిలో జాజులంటే దాదాపు 8 వేల నుంచి 10 వేల పూలు! కొవ్వు పద్ధతి ఖర్చు తట్టుకోలేక తర్వాత తర్వాత ద్రావకాలతో సారం తీయడం వచ్చింది. ఆ పద్ధతిలోనూ కిలో సారానికి 600, 700 కిలోల పూలు పోయాల్సిందే.

గ్రాస్ వాళ్ళ ఈ విద్యని 2018లో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంకో మాట. ఇప్పుడు ప్రపంచంలో సెంట్లకి వాడే జాజి సారం చాలావరకు మన తమిళనాడు నుంచి, ఈజిప్టు నుంచి వెళుతోంది. ఏ విదేశీ సీసా చూసినా, అందులో మన దక్షిణాది పూలమ్మాయి చెయ్యి ఉండొచ్చు.

రాత్రి ఆకాశం లాంటి సీసా

ఇక సీసా సంగతి. నూరేళ్ళకి ముందు సెంటు మందుల షాపు సీసాల్లాంటి మామూలు వాటిలోనే వచ్చేది. 1900 దాటాక కోటీ అనే వ్యాపారి, లాలీక్ అనే నగల కళాకారుడిని పట్టుకుని సీసాలు గీయించాడు. వాసన కనిపించదు కదా, చూడగానే చేతికి తీసుకోవాలనిపించేది సీసాయే అని అతను కనిపెట్టాడు. అప్పటి నుంచి సీసాకి సోకులు మొదలయ్యాయి.

మన సెంటు సీసా గీసినది జాన్ ఎల్యూ. పేరున్న చిత్రకారుడి కొడుకు. సాయంత్రం అని పేరు పెట్టాక సీసా తెల్లగా ఉంటే ఏం బాగుంటుంది? అందుకని చీకటి పడేవేళ ఆకాశంలా ముదురు నీలం గాజు, దాని మీద వెండి రంగు చీటీ, నక్షత్రాలు. గాజు కరిగించేటప్పుడు కోబాల్టు అనే లోహపు లవణం పిసరంత కలిపితే ఆ నీలం వస్తుంది. ముదురు గాజు వెలుతురుని కొంత ఆపుతుంది కాబట్టి సెంటుకీ మంచిదే.

పెద్ద సీసాలకి గాజు మూత. పర్సులో పెట్టుకునే బుల్లి సీసాలకి వెండి రంగు మూత, కుచ్చు. 1930లలో బేక్‌లైట్‌తో గుడ్లగూబ ఆకారం డబ్బీ చేసి అందులో బుల్లి సీసా పెట్టి అమ్మారు. మన పాత ఇళ్ళల్లో నల్ల స్విచ్చులుండేవే, ఆ బేక్‌లైటే. గుడ్లగూబ రాత్రి పక్షి కాబట్టి పారిస్ రాత్రికి సరిపోయిందని వాళ్ళ ఉద్దేశం. మనింట్లో అయితే గుమ్మం దాటనిచ్చేవారా చెప్పండి! ఇప్పుడు పాత వస్తువులు పోగుచేసేవాళ్ళకి ఆ గుడ్లగూబ దొరికితే పండగే. మామూలు నీలం సీసాలు లెక్కలేనన్ని తయారయ్యాయి కాబట్టి వాటికి పెద్ద ధర పలకదు. మా అత్తయ్యగారి సీసా కూడా అంగట్లో పెడితే ఎవరూ ఎగబడరు.

నూటికి పది కథ

1940లో జర్మన్లు పారిస్‌ని ఆక్రమించారు. వెర్తైమర్లు యూదులు. ఉంటే ప్రాణాలు దక్కవని అమెరికా వెళ్ళిపోయారు. పోతూ పోతూ కంపెనీని ఫెలిక్స్ అమియో అనే విమానాల తయారీదారు పేర మార్చారు. యూదుల ఆస్తులు లాక్కునే చట్టాలు వచ్చాయి కదా, ఇదే అదనని 1941లో కోకో షానెల్ ఆ సెంటు కంపెనీ మొత్తం తనకి ఇప్పించమని అధికారులకి అర్జీ పెట్టుకుంది. నూటికి పదే ఇచ్చారన్న కడుపుమంట ఆవిడది. కానీ అప్పటికే కాగితాలు అమియో పేర ఉన్నాయి, ఆ అర్జీ చెల్లలేదు. యుద్ధం అయ్యాక అమియో కంపెనీని తిరిగి అప్పజెప్పాడు. 1947లో వెర్తైమర్లు షానెల్‌తో రాజీపడి నంబర్ 5 అమ్మకాల్లో నూటికి 2 ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆస్తి తగాదాల్లో మన కుటుంబాలే అనుకుంటాం, అక్కడా అంతే!

1969లో 'సువార్ ద పారీ' ఆపేశారు. 1992లో అదే పేరుతో కొత్తగా కూర్చి మళ్ళీ తెచ్చారు. సీసా నీలమే, వాసన మాత్రం అచ్చం పాతది కాదని పాత సెంటు తెలిసినవాళ్ళు అంటారు. 2015లో బూర్జ్వా కంపెనీ కోటీ కంపెనీ చేతికి వెళ్ళింది. చూశారా, సీసాలకి సోకులు నేర్పిన ఆ కోటీ పెట్టిన కంపెనీయే!

వాల్తేరు చేరిన సీసా

ఇదంతా అత్తయ్యగారికి కూర్చోబెట్టి చెప్పాను. గుడ్లగూబ దగ్గర నవ్వారు. అప్పుడు ధైర్యం చేసి అడిగాను. "అత్తయ్యా, మావయ్యగారు దీన్ని ఎక్కడ కొన్నారు?"

1967లో పెళ్ళయింది. మావయ్యగారు వాల్తేరు రైల్వే ఆఫీసులో గుమాస్తా. వాళ్ళ పెద్దాఫీసు కలకత్తాలో. ఫైళ్ళు పట్టుకుని వెళ్ళినప్పుడు తిండి ఖర్చుకిచ్చిన డబ్బులో మిగిల్చి, రెండు రోజులు బొరుగులు తిని ఈ సీసా కొన్నారట. ఇంటికొచ్చాక వాళ్ళమ్మగారు "ఆ నీలం సీసా ఏవిట్రా?" అని నిలదీశారు. భయపడిపోయి ఆయన "తలనొప్పి మందమ్మా" అనేశారు. నీలం సీసాలో మందులే కదా ఎక్కువగా వచ్చేవి!

ఆ మామ్మగారికి అప్పటికి భర్త పోయి పదిహేనేళ్ళు. తల్లో పువ్వు లేదు, ఒంటికి గంధం లేదు. ఆ రోజుల్లో అంతే కదండీ. ఓ శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక "కోడలుపిల్లా, తల నొప్పిగా ఉంది, మీ ఆయన తెచ్చిన మందు కాస్త రాయి" అన్నారట. అత్తయ్యగారి గుండె ఝల్లుమంది. తప్పించుకునే దారిలేక వేలితో ఒక్క చుక్క తీసి కణతలకి రాశారు. మామ్మగారు కళ్ళు మూసుకుని, ఏమీ అనకుండా చాలాసేపు అలా అరుగు మీద కూర్చుండిపోయారట.

ఆ తర్వాత వారం వారం శుక్రవారం తలనొప్పి వచ్చేది! "ఆవిడకి మొదటిరోజే తెలుసే. నాకూ తెలుసు ఆవిడకి తెలుసని. ఇద్దరం ఒక్కనాడూ పైకి అనుకోలేదు. సగం సీసా నేను రాసుకున్నాను, సగం సీసా ఆవిడకి రాశాను" అన్నారు అత్తయ్యగారు.

నేను కడిగేసినది మావయ్యగారి జ్ఞాపకం ఒక్కటే అనుకున్నాను. మామ్మగారిది కూడా అందులోనే ఉందని అప్పుడు తెలిసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఊరుకో. యాభై ఏళ్ళు దాటింది, ఇంకెన్నాళ్ళుంటుంది. నువ్వడిగావు కాబట్టి ఈ మాట చెప్పాను. ఇన్నాళ్ళూ ఎవరడిగారు?" అన్నారు.

మావయ్యగారు పోయాక అత్తయ్యగారూ పువ్వు ముట్టలేదు. వద్దని మేమెవరం చెప్పలేదు. పెట్టుకోమనీ చెప్పలేదు, అదీ మా తప్పు. వేసవి వచ్చింది కదా, ఇప్పుడు రోజూ రెండు మూరల మల్లెలు కొంటున్నాను. ఒకటి అమ్మాయికీ నాకూ. ఇంకొకటి అత్తయ్యగారి తలగడ దగ్గర పెడతాను. మొదటిరోజు "నాకెందుకే ఇప్పుడు?" అన్నారు. "తలనొప్పికి అత్తయ్యా" అన్నాను. మర్నాడు పొద్దున చూస్తే దండ తలగడ కింద ఉంది.

ఇంట్లో సెంటు సీసాలుంటే

* పెద్దవాళ్ళ ఖాళీ సీసాలు, డబ్బీలు అడగకుండా కడగకండి, పారేయకండి. పొడి మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే చాలు. నీళ్ళు తగిలితే కాగితం చీటీ ఊడిపోతుంది. నా సీసాయే సాక్ష్యం.

* గాజు మూత బిగుసుకుపోతే మెడ చుట్టూ రెండు చుక్కల నూనె వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున చెక్క గరిటె కాడతో మెల్లగా తట్టి తిప్పండి. లోపల సెంటు ఉంటే వేడినీళ్ళలో మాత్రం పెట్టకండి.

* సెంటుకి ఎండా వేడీ పడవు. కిటికీ గట్టు మీద, స్నానాల గదిలో కాకుండా అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టండి.

* బాగా పాత సెంటు రంగు ముదిరితే ఒంటికి రాసుకోకండి. దూది మీద ఒక చుక్క వేసి వాసన చూసుకోండి.

* పట్టుచీర మీద, జరీ మీద కొట్టకండి, మరక పడుతుంది. చీర కట్టుకోకముందే ఒంటికి రాసుకుని ఆరనివ్వండి.

* సెంటులో ఉండేది మండే ద్రవం. పొయ్యి దగ్గర, దీపం దగ్గర వాడొద్దు.

* ఫ్రిజ్‌లో మల్లెలు డబ్బాలో పెట్టి మూత బిగించండి. లేకపోతే నెయ్యి సంగతి మీకు తెలిసిందే!

మీ ఇంట్లో కూడా పెట్టె అడుగున ఇలాంటి సీసానో, కుంకుమ భరిణో ఉండే ఉంటుంది. ఈ వారం పని కాస్త తెమిలాక పెద్దవాళ్ళ పక్కన కూర్చుని "ఇది ఎక్కడిది?" అని అడగండి. ఏం చెప్పారో నాకూ రాయండి. వచ్చే వారం మామిడికాయ ఒరుగుల సంగతి చూద్దాం. ఉంటానండీ మరి!